పదకొండో కుర్చీ

సెలూన్‌లో ఉన్నవి రెండే కుర్చీలు. తలుపు పక్కది మామది, లోపలిది అల్లుడిది. మామ అంటే అల్లుడొక్కడికే కాదు. ఆ వీధిలో గడ్డం మొలిచిన ప్రతివాడూ ఆయన్ని మామా అనే పిలిచేవాడు. కత్తి పట్టిన మనిషి చేతికి మెడ అప్పగించేటప్పుడు ఏదో ఒక వరస కలుపుకుంటేనే క్షేమమని వాళ్ల ఉద్దేశం కావచ్చు.

మామ కుర్చీ ఇనుపది. కాలితో మీట తొక్కితే పైకి లేస్తుంది, కాని లేచేముందు ఒకసారి మూలుగుతుంది. చేతులు ఆనించే చోట తోలు అరిగి, కూర్చున్నవాళ్ల మోచేతుల గుంటలు పడ్డాయి. అల్లుడి కుర్చీ కొత్తది. నల్లగా నిగనిగలాడుతూ, ఏ మూలుగూ లేకుండా లేస్తుంది.

ఈ మధ్య మామ కుర్చీ మూలగడం మానేసింది. ఎక్కేవాళ్లు లేరు.

జనం రాక కాదు. వస్తారు. గుమ్మంలో పట్టా మీద కాళ్లు తుడుచుకుంటారు. "ఏం మామా, బాగున్నావా" అంటారు. మామ తువ్వాలు దులిపి కుర్చీ తిప్పుతాడు. వాళ్లు మాత్రం ఫోనులోకి ఒకసారి చూసుకుని, తప్పు చేసినవాళ్లలా తలొంచుకుని పోయి మూలనున్న బెంచీ మీద సర్దుకుంటారు. అల్లుడి కుర్చీ ఖాళీ అయ్యేదాకా అక్కడే. అది ఒక పట్టాన ఖాళీ అయ్యేది కాదు. అల్లుడు కత్తెరకంటే నోరు ఎక్కువ ఆడిస్తాడు. ఒక తల అయ్యేసరికి ఆ తలగలవాడి ఇంటి సంగతులన్నీ దులిపేస్తాడు.

కుర్రకారు అటు పోతున్నారంటే మామ పట్టించుకోలేదు. చెవుల పైన గీతలూ మెలికలూ చెక్కడం తనకు రాదు, నేర్చుకోవాలనీ లేదు. కాని ఫ్యాషన్ చేయించుకోవడానికి తలమీద ముడిసరుకే లేనివాళ్లు కూడా బెంచీ ఎక్కడం మొదలుపెట్టారు. ఒకనాడు ఎదురు కొట్టు గడియారాలాయన వచ్చాడు. ఆయనకున్నదల్లా రెండు చెవుల మీదా చెరో పిడికెడు వెంట్రుకలు. వాటిని ఇన్నేళ్లుగా మామే చూసుకుంటున్నాడు. ఆ గడియారాలాయన కూడా మామ మొహం చూడకుండా పోయి బెంచీ మీద కూర్చుని, మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మామకి ఎక్కడో కలుక్కుమంది. అసలే ఆయన మాట తక్కువ. శుభ్రంగా ఉన్న కత్తెరను మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

సెలూన్ వెనకే ఇల్లు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లి భార్య ముందు చేయి చాచాడు.

"వణుకుతోందేమో చూడు."

"నీ చేయి వణకడం నేనెప్పుడూ చూళ్లేదు" అంది ఆవిడ. "గిన్నెలు తోమమన్నప్పుడు తప్ప."

మామకి నమ్మకం కలగలేదు. గడ్డం గీయడం నేర్చుకునేవాళ్లకి పెట్టే పరీక్ష ఒకటుంది. బుడగ ఊది, దానికి నురగ పట్టించి, పగలకుండా కత్తితో నురగంతా తీసెయ్యాలి. మనవడి బుడగొకటి దొరికితే ఊది, తలుపు గడియకి కట్టి, కళ్లజోడు తీసేసి మరీ గీశాడు. బుడగ నున్నగా తేలింది, చిన్న మరక కూడా మిగల్లేదు. భార్య పక్కన నిలబడి అంతా చూసి, జడలోంచి పిన్ను తీసి బుడగకి గుచ్చింది.

"పాసయ్యావు. ఇక అన్నం తిను."

"చేయి బాగానే ఉంది. మరి ఎందుకు రావట్లేదు?"

"నువ్వు మాట్లాడవు. అల్లుడు మాట్లాడతాడు."

"ఇన్నేళ్లూ మాట్లాడకుండానే గీశానుగా."

"ఇన్నేళ్లూ నీ పక్కన మాట్లాడేవాడు లేడు."

ఆ మాట అన్నంతోపాటు మింగాడు కాని కిందికి దిగలేదు. సాయంత్రం కొట్టు మూసేవేళ అల్లుడితో అన్నాడు.

"తల కడిగే బేసిన్ ఒకటి కావాలన్నారుగా. నా కుర్చీ తీసేసి అక్కడ పెట్టించండి. ప్లంబర్‌ని పిలిచాను, రేపొస్తాడు."

అల్లుడు నోరు తెరిచాడు. కొంతసేపు అందులోంచి మాట రాలేదు. అలాంటిది ఆ సెలూన్‌లో ఎన్నడూ జరగలేదు.

"నేను అడిగింది మూలన మామయ్యా. మీ చోట అనలేదు."

"మూలన బెంచీ ఉంది. బెంచీ మీద జనం ఉన్నారు. నా కుర్చీ మీద ఎవరూ లేరు. ఎవరూ లేనిచోటే కదా నీళ్లు పొయ్యాలి."

ఆ మాటతో తువ్వాలు మడిచి లోపలికి వెళ్లిపోయాడు.

ఇక్కడ కూతురి సంగతి చెప్పాలి. ఆ అమ్మాయిది కంప్యూటర్ల పని. మేడ మీద గదిలో కూర్చుని ఎవరెవరి వ్యాపారాలకో వెబ్‌సైట్లు కట్టిపెట్టేది. పనిలో పనిగా సెలూన్‌కి కూడా ఒకటి కట్టింది. ఫోనులో తెరిస్తే ఏ టైములో కుర్చీ ఖాళీగా ఉందో కనిపిస్తుంది. నచ్చిన టైము నొక్కి, ఆ వేళకి వస్తే చాలు. రెండు అద్దాలకీ చెరొకటి అతికించమని నలుపూ తెలుపూ గళ్లున్న స్టిక్కర్లు కూడా అచ్చేయించి తెచ్చింది. కూర్చున్నవాళ్లు ఫోను ఎత్తి ఆ గళ్లకి చూపిస్తే పేజీ తెరుచుకుంటుంది.

అల్లుడు తన అద్దానికి ఆనాడే అంటించుకున్నాడు. మామ ఒప్పుకోలేదు. "అద్దంలో మొహం కనపడాలి, గళ్ల గుడ్డ కాదు" అన్నాడు. అయినా కూతురు కష్టపడి చేసిన పని ఊరికే పోకూడదని, ఆ లింకుని తన పాతవాళ్లందరికీ తనే పంపాడు. ఒక్కొక్క పేరూ వెతికి, బొటనవేలితో నొక్కి, వీధి వీధంతా పంపాడు. ఒక్క ముక్క కూడా రాయలేదు, ఉత్త లింకే. రాయడంలోనూ ఆయన మాట తక్కువే.

మర్నాడు ప్లంబరు సంచీ భుజాన వేసుకుని దిగాడు. మామ చేతికింద పెరిగిన తలే అతనిదీ. జుట్టు చెవుల మీదికి దిగి, పక్షి గూడు కట్టుకుందామా అని చూసేంత ఒత్తుగా ఉంది. టేపు తీసి మామ కుర్చీ చుట్టూ ఒకసారి కొలిచాడు, మళ్లీ కొలిచాడు. మూడోసారికి టేపు చుట్టేసి నిట్టూర్చాడు.

"నిజంగానే మానేస్తున్నావన్నమాట మామా. లింకు వచ్చిననాడే అనుకున్నాను."

"ఏం లింకు?"

"నువ్వు పంపిందే. నొక్కితే మీ అల్లుడి ఫోటో, ఆయన ఖాళీ టైములు. నీ పేరు కోసం పేజీ అంతా గాలించాను, ఎక్కడా లేదు. మా ఆవిడకి చూపిస్తే, పాపం ఆయన నోటితో చెప్పలేక ఇలా చెప్పాడు, ఇకనుంచి అల్లుడి దగ్గరికి పొమ్మంటున్నాడు అంది."

"నేను పొమ్మన్నానా?"

"నీ ఫోను నుంచేగా వచ్చింది. వేరే ఎవరైనా పంపితే నేను ఖాతరు చేసేవాణ్ణా?"

"వచ్చి నా కుర్చీలో కూర్చుంటే సరిపోయేదిగా."

"నువ్వంత మర్యాదగా తప్పుకుంటుంటే మేం మీదపడి గియ్యమంటామా? బాగుండదని అందరం అనుకున్నాం. గడియారాలాయనైతే ఏడ్చినంత పని చేశాడు. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నది చదవడానికనుకున్నావా?"

మామ కుర్చీ చేతి మీద చెయ్యేసి నిలబడిపోయాడు. వీధి వీధంతా తనమీద అభిమానం కొద్దీ తన దగ్గరికి రావడం మానేసింది. ఇలాంటిది ఎక్కడైనా ఉందా అని అల్లుడి వైపు చూశాడు. అల్లుడు అప్పటికే మేడ మెట్ల దగ్గర నిలబడి భార్యని కేకేస్తున్నాడు.

కూతురు దిగి వచ్చి, ప్లంబరు ఫోను తీసుకుని చూసి, నుదురు కొట్టుకుంది.

"నాన్నా, ఈ లింకు నీకు ఎక్కడిది?"

మామ గడ్డంతో అల్లుడి అద్దం వైపు చూపించాడు. "దానికి ఫోను చూపిస్తే వచ్చింది. అదే పంపాను. నా అద్దానికి గళ్లు లేవుగా."

"ఎందుకు లేవు?"

"నేను అతికించనివ్వలేదు."

"చూశావా?"

"అదే చెబుతున్నాను" అన్నాడు మామ.

కూతురు ఆయన్ని ఆయన కుర్చీలోనే కూర్చోబెట్టింది. కుర్చీ మూలిగింది. ఆ చప్పుడు విని చాలా రోజులైందని అందరికీ తోచింది. ఫోను తెర పైన అడ్రసు ఉన్న గీత మీద వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడిదాకా మన పేజీ అడ్రసు. ఈ ప్రశ్న గుర్తు కనిపిస్తోందా? అక్కడితో అడ్రసు అయిపోయింది. ఆ వెనకదంతా తోక. తోకలో ఏముంది, చదువు."

మామ కళ్లజోడు సర్దుకున్నాడు. కుర్చీ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. దాని పక్కన సమానం గుర్తు. దాని పక్కన రెండు.

"పేజీ తెరుచుకోగానే ముందు ఈ తోకే చదువుతుంది. కుర్చీ రెండు అని ఉంటే రెండో కుర్చీ మనిషిని చూపిస్తుంది, ఇంకెవర్నీ చూపించదు. ఆ అద్దం ముందు కూర్చున్నవాడు ఈసారీ అక్కడికే వస్తాడు కదా అని అలా రాశాను. నీ అద్దానిదైతే తోకలో ఒకటి ఉండేది."

"పంపింది నేనని దానికి తెలీదా?"

"తెలీదు నాన్నా. ఎవరు పంపారు, ఎవరు తెరిచారు, దానికి పట్టదు. తోకలో ఏముంటే అదే నమ్ముతుంది."

"మనిషి మొహం చూడదన్నమాట."

"నీకు తగ్గదే" అంది లోపలి గుమ్మంలోంచి భార్య. "నువ్వూ మెడ తప్ప మొహం చూడవుగా."

మామ ఆ మాట వినలేదు. తన ఫోను తీశాడు. తోక చివర రెండు చెరిపి, ఒకటి కొట్టి, నొక్కాడు. పేజీ మారింది. తన ఫోటో వచ్చింది. భుజాన తువ్వాలుతో, ఫోటో తీసినవాడు ఏదో ఎత్తుకుపోతాడేమోనన్నట్టు చూస్తున్నాడు. కింద టైములన్నీ ఖాళీ. ఆ ఖాళీని పట్టించుకోకుండా ఫోటోను తృప్తిగా చూసుకున్నాడు. తర్వాత ఒకటి చెరిపి మూడు కొట్టాడు. పేజీ కాదనలేదు. పైన కుర్చీ మూడు అని చూపించింది. ఫోటో లేదు, కింద మాత్రం టైములు బారులు తీరి ఉన్నాయి. యాభై కొట్టాడు. కుర్చీ యాభై వచ్చింది.

"మనకి యాభై కుర్చీలున్నాయా అమ్మా?"

కూతురు వంగి చూసి పెదవి కొరుక్కుంది.

"ఆ అంకె గల కుర్చీ అసలుందో లేదో చూసుకోమని దానికి చెప్పలేదు. తోక పట్టుకుని ఆడేవాళ్లు ఇంట్లోనే ఉంటారనుకోలేదు."

"గోడలు కొట్టించినా పట్టవు" అన్నాడు ప్లంబరు గదంతా పరికించి.

"నాకు మీటింగు ఉంది. సాయంత్రం సరిచేస్తాను. ఈలోపు ఎవరికీ ఏమీ పంపకు నాన్నా."

కూతురు మెట్లెక్కిందాకా మామ ఆగాడు. తర్వాత ప్లంబర్‌తో అన్నాడు.

"రేపు పొద్దున పైపులు పట్టుకుని రా. ఇప్పుడు అందరికీ మళ్లీ పంపుతున్నాను, ఈసారి నా తోకతో. రేపు నా కుర్చీకి మనుషులు వస్తే సరే. రాకపోతే లింకుది తప్పు కాదు, నాదే. బేసిన్ ఇక్కడే పెట్టు."

"అంత పంతమెందుకు మామయ్యా" అన్నాడు అల్లుడు.

"పంతం కాదు. తెలుసుకోవాలి."

యాభై చెరిపి, బొటనవేలితో ఒకటి నొక్కి, మళ్లీ వీధి వీధంతా పంపాడు.

సాయంత్రమంతా, అంతకుముందు తన ఫోటో చూసుకున్న పేజీనే తెరవడం, మూయడం. తన ఫోటో ఉంది, కింద టైములన్నీ ఖాళీ. ఒక్కరూ నొక్కలేదు. పైన కూతురి మీటింగు తెగలేదు. అదీ చాలక అల్లుడి ఫోను కూడా అడిగి చూశాడు. విచిత్రమేమంటే, పాతవాళ్లెవరూ అటూ నొక్కలేదు. ఇద్దరి పేజీలూ చీపురు పెట్టి ఊడ్చినట్టున్నాయి.

"ఇద్దర్నీ వదిలేశారన్నమాట" అన్నాడు మామ.

అల్లుడు రెండు మాటలు చెప్పబోయి ఒకటీ చెప్పలేదు. రెండు రోజుల్లో అది రెండోసారి.

పొద్దున్నే ప్లంబరు పైపులు భుజాన వేసుకుని వచ్చాడు. బేసిన్ గుమ్మంలో దించాడు. మామ తన కుర్చీ మీదున్న పౌడరు డబ్బా, స్ప్రే సీసా తీసి కిటికీలో పెట్టాడు. మోచేతుల గుంటల మీద ఒకసారి తువ్వాలుతో తుడిచి, "కానీ" అన్నాడు. ప్లంబరు పానా తీసి కుర్చీ కింద బోల్టుకి తగిలించాడు.

అప్పుడే ఎదురు కొట్టు మెట్లు దిగి గడియారాలాయన వచ్చాడు. ఇవాళ పేపరు లేదు. గదంతా ఒకసారి చూశాడు, బెంచీ వెనక కూడా తొంగి చూశాడు.

"పదకొండో కుర్చీ ఎక్కడ మామా?"

"ఏ పదకొండు?"

"నువ్వు పంపావుగా. మొదటి టైము నాదే." ఫోను చాచాడు. పైన కుర్చీ పదకొండు అని ఉంది.

మామ తన ఫోను తీసి నిన్న పంపినదాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. తోక చివర ఒకటి ఉంది. దాని పక్కనే ఇంకో ఒకటి ఉంది. ఆయన బొటనవేలు మీట తొక్కే కాలులాంటిది, ఒకసారి తొక్కితే ఊరుకునేది కాదు.

ఈలోగా ఇంకొకాయన వచ్చాడు, బట్టలు ఇస్త్రీ చేసే ఆయన. "పదకొండు లోపలా?" అని అడిగాడు. ఆయన వెనక స్కూలు మాస్టారు ఇంకా ముందుగా వచ్చానేమోనని గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. అల్లుడు అందరి ఫోన్లూ తీసుకుని చూశాడు. పొద్దుటి నుంచి పొద్దుపోయేదాకా పదకొండో కుర్చీకి చివరి టైము తప్ప ఒక్కటీ ఖాళీ లేదు. ఉన్న రెండు కుర్చీలూ ఖాళీ, లేని కుర్చీ నిండిపోయింది.

"ఫోటో లేదు, పేరు లేదు. అలాంటి కుర్చీకి ఎలా నొక్కారండీ?" అన్నాడు అల్లుడు.

"మీ ఫోటో లేదనేగా నొక్కాం" అన్నాడు గడియారాలాయన. "అల్లుడు కాదంటే మామే. పదకొండో కుర్చీ ఎక్కడ వేశాడో, వచ్చాక వెతుక్కోవచ్చులే అనుకున్నాను."

"నేను షాపు పెంచారనుకున్నాను" అన్నాడు మాస్టారు.

ప్లంబరు ఇంకా కుర్చీ కిందే పడుకుని ఉన్నాడు. అక్కణ్ణుంచే అడిగాడు.

"మామా, ఈ బోల్టు ఊడదీయనా, బిగించనా?"

మామ తువ్వాలు తీసి గట్టిగా ఒక్కసారి దులిపాడు. గడియారాలాయన వచ్చి కుర్చీలో కూర్చుని, రెండు మోచేతులూ రెండు గుంటల్లో పెట్టుకున్నాడు. ప్లంబరు బోల్టు బిగించి పాక్కుంటూ బయటికొచ్చాడు. మామ మీట తొక్కాడు. కుర్చీ మూలిగి, లేచింది.

"మరి ఈ బేసిన్?" అన్నాడు ప్లంబరు మోకాళ్లు దులుపుకుంటూ.

మామ కత్తెరతో మూలన బెంచీ వైపు చూపించాడు. ఎవరి టైముకి వాళ్లు వస్తుంటే ఇక బెంచీతో పనేముంది.

మధ్యాహ్నానికి కూతురు ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికి దిగి, సరిచేసింది చదివి వినిపించింది. తోకలో ఒకటి ఉంటే నాన్న. రెండు ఉంటే ఆయన. ఇంకేమున్నా, అసలు తోకే లేకపోయినా, ఇద్దరి ఫోటోలూ చూపించి ఎవరు కావాలని అడుగుతుంది.

మామ మాస్టారి మెడ మీద నురగ రాస్తూ విన్నాడు.

"పదకొండు ఉంటే?"

"పదకొండో కుర్చీ లేదుగా నాన్నా. ఇద్దర్నీ చూపిస్తుంది."

"అందరి ఫోన్లలోనూ పదకొండే ఉంది. పదకొండంటే నేనే అని రాయి."

"అలా రాయకూడదు. రేపు ఇంకెవరైనా ఆ ప్రోగ్రాం తెరిచి చూస్తే, రెండు కుర్చీల షాపులో పదకొండేమిటని నవ్వుతారు."

"నవ్వనీ. కత్తి కింద ఉన్నప్పుడు నవ్వకూడదు కాని, మిగతా వేళల్లో పర్వాలేదు."

మాస్టారి భుజాలు కదిలాయి. మామ కత్తి పైకెత్తి, ఆ కదలిక ఆగేదాకా నిలబడ్డాడు. కూతురు పదకొండన్నా నాన్నే అని ఒక వరస కలిపి రాసింది. తర్వాత, అడిగి లాభం లేదని తెలిసినా, తండ్రి అద్దం వైపు స్టిక్కరు చూపించింది. మామ కొంచెం ఆలోచించి, అద్దం కింది మూల, పౌడరు డబ్బా వెనక, వేలితో ఒక చోటు చూపించాడు. అక్కడ ఎవరి మొహమూ పడదు.

కొట్టు కట్టేవేళకి చివరి టైము ఒక్కటి మిగిలింది. ఎవరిదో చూద్దామని మామ ఫోను తీశాడు. కుర్చీ పదకొండు, ఎదురుగా అల్లుడి పేరు. తలెత్తేసరికి అల్లుడు చేతులు కడుక్కుని వచ్చి ఆ ఇనుప కుర్చీలో కూర్చునే ఉన్నాడు.

"నిన్నటి సంగతి ఏమైందంటే మామయ్యా, నేను మీకు ముందే చెబుదామనుకున్నాను, ప్లంబరు రాకముందే, కాని మీరు..."

మామ ఒక్క వేలితో ఆ తలని ముందుకి వంచాడు.

"మాట్లాడకండి. చెవి దగ్గరున్నాను."